టీకా వద్దనే తల్లిదండ్రులతో తగవు లేకుండా మాట్లాడడం ఎలా?

పిల్లల వైద్యంలో కొత్తగా అడుగుపెట్టిన డాక్టర్లు, టీకాల గదిలో పనిచేసే నర్సులు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఒకటుంది: “టీకా వద్దని తల్లిదండ్రులు పట్టుబడితే ఏం చేయాలి?” అడిగేవారిలో చాలామంది అప్పటికే ఒక తగవు పడి వచ్చినవారే. తల్లి కన్నీళ్లతో బిడ్డను ఎత్తుకుని వెళ్లిపోయిందనో, తండ్రి గొంతు పెంచాడనో, తామే ఒక మాట తూలామనో చెబుతారు. ఒక్కొక్కరికి విడివిడిగా జవాబు చెప్పే బదులు పద్ధతినంతా ఒకచోట రాసి పెట్టడం మేలనిపించింది.

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రపంచ ఆరోగ్యానికి ఎదురవుతున్న 10 ప్రధాన ముప్పుల్లో టీకాల పట్ల సంకోచాన్ని ఒకటిగా పేర్కొంది. ఆ ‘సంకోచం’ అన్న పదాన్ని గమనించండి. సంకోచిస్తున్నారంటే ఇంకా తేల్చుకోలేదని అర్థం. బిడ్డను ఎత్తుకుని మీ దగ్గరికి వచ్చారంటే మీ మీద కొంత నమ్మకం మిగిలే ఉందని అర్థం. ఆ నమ్మకం చెడకుండా, టీకా విషయంలో ఒక్క నిజాన్నీ వదులుకోకుండా ఎలా మాట్లాడాలో కింద చెబుతున్నాను. ఈ రోజు ఒక డోసు పడాలి. అది కుదరకపోతే ఆ బిడ్డ మళ్లీ మీ దగ్గరికే రావాలి. మీరు కోరవలసిన ఫలితం అంతవరకే.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

• బిడ్డ టీకా కార్డు. కుటుంబం గదిలోకి వచ్చాక కాకుండా, రాకముందే చదివి ఉండాలి. ఏ డోసులు పడ్డాయి, ఏ తేదీ తర్వాత ఆగిపోయాయి అన్నది చూస్తే భయం ఎప్పుడు మొదలైందో సగం తెలిసిపోతుంది.

• మీ దేశంలో అమల్లో ఉన్న టీకాల పట్టిక, ఆలస్యమైన పిల్లలకు వర్తించే నియమాలు. పసిపిల్లల్లో తీవ్రమైన విరేచనాలు కలిగించే రోటావైరస్ వంటి వాటికి ఇచ్చే కొన్ని టీకాలకు పలు దేశాల పట్టికల్లో గరిష్ఠ వయసు ఉంటుంది. “నెమ్మదిగా చూద్దాం” అనే తల్లిదండ్రులకు ఏ టీకా విషయంలో ఆ వీలు లేదో మీకు ముందే తెలిసి ఉండాలి. చాలా టీకాలకు మధ్యలో విరామం వచ్చినా మొదటి నుంచి మొదలుపెట్టనక్కర లేదు, ఆగిన చోటి నుంచి కొనసాగించవచ్చు. ఈ ఒక్క సంగతి చెబితేనే కొందరి బెరుకు తగ్గుతుంది, ఎందుకంటే ఆలస్యం చేశామన్న అపరాధ భావం వల్ల మాత్రమే రావడం మానేసినవారు ఉంటారు.

• దుష్ఫలితాల మీద మీరు స్వయంగా రాసుకున్న ఒక పేజీ. ఉదాహరణకు తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు కలిపి ఇచ్చే ఎం.ఎం.ఆర్. టీకా తర్వాత సుమారు 5 నుంచి 12 రోజుల మధ్య జ్వరం రావచ్చు. సుమారు 3,000 నుంచి 4,000 డోసులకు ఒకసారి ఆ జ్వరంతో ఫిట్స్ రావచ్చు. ప్రాణాంతకమైన అలర్జీ పది లక్షల డోసులకు ఒకటి రెండు సార్లు కనిపిస్తుంది. ఈ అంకెలు నోటికి వచ్చి ఉండాలి.

• అడ్రినలిన్ (తీవ్రమైన అలర్జీ వస్తే వెంటనే ఇచ్చే మందు), ఇతర అత్యవసర సామగ్రి కంటికి కనిపించే చోట ఉండాలి. టీకా తర్వాత 15 నుంచి 30 నిమిషాలు కూర్చోబెట్టడం ఎందుకో చెబుతూ ఆ ట్రేని చూపిస్తే, మీరు అరుదైన ప్రమాదానికి కూడా సిద్ధంగా ఉన్నారని వేరే చెప్పనక్కర ఉండదు.

• సిబ్బంది అంతా ఒకే మాట మీద ఉండడం. మీరు అరగంట కష్టపడి ఒప్పించిన తల్లితో టీకాల గదిలో “మా అక్క కూడా ఈ టీకా వేయించలేదండీ” అని ఎవరో అంటే అంతా మొదటికి వస్తుంది. సిబ్బందిలోనే సంకోచం ఉంటే ముందు వాళ్లతో మాట్లాడండి. కింది పద్ధతే వాళ్లకూ పనికొస్తుంది.

• పది నిమిషాల సమయం. ఓపీ కిటకిటలాడే రోజున అది దొరకదు. దొరకకపోతే తొందరగా తేల్చేయాలని చూడకుండా, మాట్లాడడానికే వేరే సమయం ఇవ్వండి.

మాట్లాడే పద్ధతి

1. ముందు తల్లిదండ్రుల మాట నిజమేమో చూసుకోండి.

సంకోచం అని పేరు పెట్టే ముందు, ఆ బిడ్డకు నిజంగానే టీకా ఇవ్వకూడని కారణం ఉందేమో పరీక్షించాలి. ఇదే టీకా గత డోసుకు తీవ్రమైన అలర్జీ వచ్చిందా, రోగనిరోధక శక్తిని దెబ్బతీసే జబ్బుగానీ మందుగానీ ఉండి సజీవ టీకా (బలహీనపరిచిన సజీవ క్రిములతో చేసినది) ఇవ్వరాని పరిస్థితి ఉందా అని అడగండి. మామూలు జలుబు, తక్కువ జ్వరం సాధారణంగా టీకా ఆపడానికి కారణాలు కావు; అయితే గత డోసు తర్వాత బిడ్డకు ఫిట్స్ వచ్చాయనో, చాలాసేపు మెతకబడిపోయిందనో తల్లి చెబితే దాన్ని అపోహగా కొట్టిపారేయకూడదు. తేదీ, ఎన్ని గంటల తర్వాత, ఎంతసేపు, ఎక్కడ చూపించారు అన్నవన్నీ రాసుకోండి. అది అప్పట్లో నమోదు కాకపోతే మీరే నమోదు చేయించండి. తన అనుభవాన్ని ఒక డాక్టరు కాగితం మీద పెట్టడం ఆ తల్లికి మొదటిసారి కావచ్చు.

2. మాటను మామూలు పనిలా మొదలుపెట్టండి.

“టీకాల సంగతి ఏమనుకుంటున్నారు?” అని మొదలుపెడితే అదేదో వాదానికి వచ్చిన విషయమన్న భావన మీరే కలిగించినట్టు అవుతుంది. “ఈ రోజు పాపకు రెండు టీకాలు ఉన్నాయమ్మా, బరువు చూసి వేసేద్దాం” అనండి. 2013లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 111 సంభాషణలను వీడియో తీసి పరిశీలించారు. తల్లిదండ్రుల అభిప్రాయం అడుగుతూ మొదలైన చోట 83 శాతం మంది అభ్యంతరం చెప్పగా, టీకా వేస్తున్నామన్న ధోరణిలో మొదలైన చోట 26 శాతం మందే చెప్పారు.

హెచ్చరిక: ఆ వాక్యం తర్వాత ఆగాలి. వారి ముఖం చూడాలి, సరేనని వారు అనాలి. ఆగకుండా సూది అందుకుంటే అది మోసం కిందికే వస్తుంది. ఇంతకు ముందే టీకా వద్దని స్పష్టంగా చెప్పిన కుటుంబంతో ఈ పద్ధతి వాడకండి, వెటకారంలా వినిపిస్తుంది. వారితో నేరుగా మూడో అంచె నుంచి మొదలుపెట్టండి.

3. అడగండి, ఆ తర్వాత నోరు మెదపకండి.

“మిమ్మల్ని ఎక్కువగా కలవరపెడుతున్నది ఏమిటమ్మా?” అని ఒక ప్రశ్న వేసి, రెండు నిమిషాలు అడ్డు తగలకుండా వినండి. డాక్టర్లకు ఇదే అన్నిటికన్నా కష్టమైన అంచె. తప్పు మాట వినబడగానే సరిదిద్దాలని నాలుక దురద పెడుతుంది. ఓర్చుకోండి. విన్నాక వారి మాటనే తిరిగి చెప్పండి: “అంటే, ఒకేసారి ఇన్ని సూదులు ఆ చిన్న ఒంటికి భారమవుతాయని మీ భయం. అంతేనా?” అంతే అంటే ముందుకు వెళ్లండి, కాదంటే మళ్లీ వినండి.

మొదట చెప్పిన కారణం అసలు కారణం కాకపోవడం తరచుగా జరుగుతుంది. టీకాల్లోని అల్యూమినియం గురించి పావుగంట ప్రశ్నించిన తండ్రి, చివరికి తన అన్న కొడుకుకు టీకా వేసిన వారంలోనే ఆటిజం లక్షణాలు గమనించామని చెప్పవచ్చు. “ఇంకేమైనా ఉందా?” అని ఇంకోసారి అడగడం వల్ల పోయేదేమీ లేదు. ఇంట్లో నిర్ణయం ఎవరిదో కూడా ఇక్కడే తెలుసుకోండి. మీ ముందు కూర్చున్నవారు ఒప్పుకున్నా, ఇంట్లో పెద్దవారో, జీవిత భాగస్వామో వద్దన్నందువల్లే ఆగి ఉంటే, మీరు చెప్పే సమాధానం మోసుకెళ్లే బాధ్యత వారి మీద పడుతుంది. అప్పుడు ఆ పెద్దవారిని కూడా తీసుకురమ్మనడం, లేదా అక్కడికక్కడే ఫోనులో మాట్లాడడం మంచిది.

4. అనుమతి అడిగి, ఒక్క భయానికి ఒక్క జవాబు చెప్పండి.

“ఈ విషయంలో నాకు తెలిసింది చెప్పమంటారా?” అని అడగండి. దాదాపు అందరూ చెప్పమనే అంటారు, అన్నాక వినడానికి కూడా సిద్ధపడతారు. వారు ఎత్తని భయాలకు జవాబులు చెప్పకండి. అడగని ప్రశ్నకు చెప్పిన జవాబు కొత్త అనుమానానికి విత్తనం వేస్తుంది. తరచుగా ఎదురయ్యే భయాలు, వాటికి నేను చెప్పే జవాబులు ఇవి.

ఆటిజం. ఈ భయానికి ఎక్కువగా కారణమైనది 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఆండ్రూ వేక్‌ఫీల్డ్, మరికొందరు కలిసి 12 మంది పిల్లల గురించి ప్రచురించిన పత్రం. ఆ పత్రికే 2010లో దాన్ని ఉపసంహరించుకుంది. అదే ఏడాది బ్రిటన్‌లో వేక్‌ఫీల్డ్ పేరును డాక్టర్ల జాబితా నుంచి తొలగించారు. 2019లో డెన్మార్క్ పరిశోధకులు 6,57,461 మంది పిల్లల వివరాలు పరిశీలించి, ఎం.ఎం.ఆర్. వేసుకున్న వారికీ వేసుకోని వారికీ ఆటిజం విషయంలో తేడా లేదని తేల్చారు. కానీ పత్రం కథతో మొదలుపెట్టకండి. తల్లిదండ్రులు తాము కళ్లారా చూసిన బిడ్డ గురించి మాట్లాడుతున్నారు. “పిల్లలకు మాటలు రావలసిన వయసు, ఆటిజం లక్షణాలు ఇంట్లోవాళ్ల కంటపడే వయసు, ఈ టీకా వేసే వయసు దాదాపు ఒకటే. అందుకే ఒకదాని వెంట ఒకటి వచ్చినట్టు కనిపిస్తుంది. నిజంగా టీకా వల్లేనా అని తెలుసుకోవాలంటే వేసుకోని పిల్లల్ని కూడా చూడాలి. అలా చూశారు, వాళ్లలోనూ అంతే ఉంది” అని చెబితే పట్టుకుంటారు.

ఒకేసారి చాలా టీకాలు. పుట్టిన క్షణం నుంచి బిడ్డ ఒంటి మీదా పేగుల్లోనూ కోట్లాది సూక్ష్మజీవులు చేరుతుంటాయని, వాటి ముందు టీకాల్లోని పదార్థం చాలా తక్కువని చెప్పండి. టీకాలను విడదీసి ఎడంగా వేయడం ఎక్కువ భద్రమని తేల్చిన ఆధారం లేదు; విడదీస్తే రావలసిన సార్లు, ఏడిపించే రోజులు, రక్షణ లేకుండా గడిచే వారాలు మాత్రం పెరుగుతాయి.

పాదరసం, అల్యూమినియం. కొన్ని దేశాల్లో ఎక్కువ డోసులున్న సీసాల టీకాల్లో థయోమెర్సాల్ అనే పదార్థాన్ని నిల్వ కోసం కలుపుతారు. అందులో ఉండేది ఇథైల్ మెర్క్యురీ, అది ఒంట్లో పేరుకునే మిథైల్ మెర్క్యురీకి భిన్నంగా త్వరగా బయటికి పోతుంది. ఎం.ఎం.ఆర్.లో అది అసలే ఉండదు. కొన్ని టీకాల్లో అల్యూమినియం లవణాలు ఉంటాయన్నది నిజమే. తల్లిపాలలో, డబ్బా పాలలో కూడా అల్యూమినియం కొద్దిగా ఉంటుంది. “అస్సలు ఏమీ ఉండవు” అని మాత్రం ఎప్పుడూ అనకండి. ఇంటికి వెళ్లి సీసా కాగితం చదువుకున్న తండ్రి ఇక మీ మాట ఏదీ నమ్మడు.

ఆ జబ్బులు ఇప్పుడు లేవుగా. తట్టు సోకినవారు గదిలోంచి వెళ్లిపోయాక కూడా ఆ వైరస్ 2 గంటల వరకు గాలిలో ఉండగలదు. రక్షణ లేని వారు దగ్గరలో ఉంటే 10 మందిలో 9 మందికి సోకుతుంది. అందుకే దాన్ని నిలువరించాలంటే 95 శాతం మందికి టీకా పడి ఉండాలంటారు. ధనుర్వాతం సంగతి ఇంకొంచెం వేరు: అది మనిషి నుంచి మనిషికి అంటదు, మట్టిలో ఉంటుంది. కాబట్టి చుట్టుపక్కల వాళ్లంతా టీకా వేసుకున్నా మీ బిడ్డకు దాని వల్ల ఒరిగేదేమీ ఉండదు. ఈ ఉదాహరణ విని ఆలోచనలో పడనివారిని నేను తక్కువగా చూశాను.

జబ్బు వచ్చి తగ్గితేనే అసలైన రక్షణ. జబ్బు వస్తే రక్షణ వస్తుందన్నది అబద్ధం కాదు, ఒప్పుకోండి. దాని ఖరీదు ఎంతో చెప్పండి: తట్టు వచ్చిన ప్రతి 1,000 మంది పిల్లల్లో సుమారు ఒకరికి మెదడు వాపు వస్తుంది, కొందరు చనిపోతారు, కొన్నేళ్ల తర్వాత బయటపడి ప్రాణం తీసే మెదడు జబ్బు కూడా అరుదుగా వస్తుంది. రెండు డోసుల టీకా సుమారు 97 శాతం రక్షణను ఆ ఖరీదు లేకుండానే ఇస్తుంది.

హెచ్చరిక: భయపెట్టే ఫొటోలు వాడకండి. వృత్తిలో తొలి రోజుల్లో నేను తట్టుతో బాధపడుతున్న పిల్లవాడి బొమ్మ ఒకటి సొరుగులో పెట్టుకుని, వద్దన్నవారి ముందు పెట్టేవాణ్ణి. ఒక తల్లి దాన్ని చూసి, బొమ్మను తిరగేసి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. తర్వాత 2014లో అమెరికాలో 1,759 మంది తల్లిదండ్రుల మీద జరిగిన అధ్యయనం వచ్చింది: జబ్బుపడిన పిల్లల బొమ్మలు చూపిస్తే టీకాకూ ఆటిజానికీ సంబంధం ఉందన్న నమ్మకం పెరిగిందట. ఆటిజం అపోహను సరిదిద్దే సమాచారం ఇచ్చినప్పుడు అపోహ తగ్గింది గానీ, మొదటి నుంచీ టీకాలంటే బాగా విముఖత ఉన్నవారిలో వేయించాలన్న ఉద్దేశం ఇంకా తగ్గింది. ఆ బొమ్మను పారేశాను.

5. మీ సిఫారసును ఇంకోసారి, స్పష్టంగా చెప్పండి.

చాలామంది ఇక్కడ జారిపోతారు. ఓపికగా విని, చక్కగా వివరించి, చివరికి “ఇక మీ ఇష్టం” అనేస్తారు. ఆ మాట మర్యాదలా వినిపించినా, డాక్టరుకే అంత పట్టింపు లేదని తల్లిదండ్రులు అర్థం చేసుకుంటారు. “మీరు అడిగినవన్నీ అడగవలసినవే. అన్నీ చూసుకున్నాక కూడా, ఈ టీకా ఈ రోజే వేయించమని నా సలహా” అనండి. పైన చెప్పిన 2013 అధ్యయనంలోనే, మొదట వద్దన్నా డాక్టరు తన సిఫారసు వదలకుండా మళ్లీ చెప్పినప్పుడు, అభ్యంతరం చెప్పినవారిలో 47 శాతం మంది ఒప్పుకున్నారు. మళ్లీ చెప్పడం అంటే ఒకసారి. మూడోసారి చెబితే అది ఒత్తిడి అవుతుంది.

6. మధ్యే మార్గాలు చేతిలో ఉంచుకోండి.

పూర్తిగా ఒప్పుకోనివారికి ఎంచుకునే వీలు ఇవ్వండి: ఈ రోజు రెండిటిలో ఒకటి వేయించుకుంటారా, ఏది ముందు వేయమంటారు, వచ్చే వారం రెండోది వేద్దామా? ప్రస్తుతం మీ ప్రాంతంలో ప్రబలుతున్న జబ్బు ఏదో, ఈ వయసులో ఎక్కువ ప్రమాదకరమైనది ఏదో చెప్పి ముందు దాన్ని సూచించండి. ఇలా విడదీయడం మీ సలహా కాదని, వారి కోసం ఒప్పుకుంటున్నారని కూడా చెప్పాలి. సజీవ టీకాల్లో సూదితో ఇచ్చేవి ఒకే రోజు వేయకపోతే మధ్యలో కనీసం 4 వారాలు ఎడం ఉండాలి. తేదీలు ఇచ్చేటప్పుడు ఈ లెక్క తప్పితే రెండో టీకా మళ్లీ వేయవలసి వస్తుంది, అప్పుడు జరిగే తగవుకు మీరే కారణం.

సంకోచంలో కొంత భాగం నొప్పి భయమే. పాలు తాగే బిడ్డకు తల్లి పాలు పడుతుండగా సూది వేయడం, పడుకోబెట్టి పట్టుకోకుండా ఒడిలో కూర్చోబెట్టుకోమనడం, ఎక్కువ మంట పుట్టించే టీకాను చివర వేయడం, కండలో సూది దిగాక సిరంజి వెనక్కి లాగి చూడకపోవడం వంటివి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించిన పద్ధతులే. వీటికి ఖర్చు లేదు. బిడ్డ అరవై లెక్కపెట్టేలోగా ఏడుపు మానితే తర్వాతి డోసుకు సగం వాదన తగ్గుతుంది.

7. అయినా వద్దంటే, టీకా లేని బిడ్డకు జాగ్రత్తల పత్రం రాసివ్వండి.

ఇది శిక్షలా కాకుండా చికిత్సలో భాగంగా చెప్పాలి. అందులో ఉండవలసినవి:

• జ్వరం, ఒంటి మీద దద్దు వస్తే నేరుగా వెయిటింగ్ హాలులోకి రాకుండా ముందు ఫోను చేయాలి. అక్కడ టీకా వయసు రాని పసికందులు, క్యాన్సర్ మందులు వాడుతున్న పిల్లలు ఉండవచ్చు.

• ఏ ఆసుపత్రికి వెళ్లినా టీకాలు పడలేదని మొదటే చెప్పాలి. టీకా లేని పసిబిడ్డకు వచ్చిన జ్వరాన్ని, ఊపిరాడనీయని గొంతు వాపును డాక్టరు వేరే దృష్టితో చూడవలసి ఉంటుంది.

• తట్టు వచ్చినవారి దగ్గర ఉన్నట్టు తెలిస్తే అదే రోజు ఫోను చేయాలి. సోకే అవకాశం ఏర్పడిన 72 గంటల లోపు టీకా, కొందరికి 6 రోజుల లోపు ఇమ్యునోగ్లోబులిన్ (జబ్బును ఎదుర్కొనే సిద్ధమైన యాంటీబాడీలు) ఇచ్చి జబ్బును ఆపే లేదా తగ్గించే వీలుంది.

• మట్టిపడిన గాయం, జంతువు కాటు చిన్నదైనా ఇంట్లో ఉంచుకోకూడదు.

ఆ తర్వాత కేస్ షీటులో ఏ టీకా వద్దన్నారు, వారు చెప్పిన కారణం, మీరు వివరించిన విషయాలు, తర్వాతి తేదీ రాయండి. మీ దగ్గర నిరాకరణ పత్రం ఉంటే సంతకం తీసుకోండి, కానీ మాట్లాడడం పూర్తయ్యాకే తీయండి. మొదటే బల్ల మీద పెడితే అది బెదిరింపు. సంతకం ఆ రోజుకే వర్తిస్తుందని, మనసు మారితే ఎప్పుడైనా రావచ్చని నోటితో చెప్పండి. తేదీ ఇవ్వకుండా మాత్రం పంపకండి.

గొంతు పెరిగితే

మీరు నిలబడి ఉంటే కూర్చోండి. మీ గొంతు తగ్గించండి. టీకా ప్రస్తావన ఆపేసి, “మీ బిడ్డ కోసమే ఇంత పట్టుదలగా ఉన్నారని నాకు తెలుస్తోంది. ఈ విషయం ఇప్పటికి ఇక్కడ ఆపి, బిడ్డ దగ్గు చూద్దాం” అని వచ్చిన పనికి తిరగండి. తల్లిదండ్రులిద్దరి మధ్యే భేదాభిప్రాయం ఉంటే ఒకరి పక్షం చేరి రెండోవారిని ఒంటరిని చేయకండి. ఇద్దరి భయాలను విడివిడిగా అడగండి, ఒకరి సమ్మతి సరిపోతుందా లేదా అన్నది మీ దేశపు చట్టం ప్రకారం ముందే తెలుసుకుని ఉండండి. ఫోనులో రికార్డు చేస్తున్నారని గమనిస్తే అభ్యంతరం చెప్పే ముందు ఒక్క క్షణం ఆలోచించండి: మీరు చెప్పేది నిజమైతే అది ఇంట్లో ఇంకో నలుగురు వినడం మంచిదే. ఇతర పిల్లలు అందులో పడకుండా మాత్రం చూడండి. దూషణ, చేయి చేసుకునే సూచన ఉంటే అక్కడితో మాట ముగించి సహాయం పిలవండి. ఆ స్థాయిలో నచ్చజెప్పడం మీ బాధ్యత కాదు.

ఇది సంకోచం కాదు, అత్యవసరం అన్నప్పుడు

పై పద్ధతి అంతా మామూలు టీకాలకు. కుక్క కరిచిన బిడ్డకు రేబిస్ టీకా వద్దంటే, కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్-బి ఉన్న తల్లికి పుట్టిన శిశువుకు మొదటి 24 గంటల్లో పడవలసిన డోసు వద్దంటే లెక్క వేరు. రేబిస్ లక్షణాలు మొదలైతే బతకడం దాదాపు అసాధ్యం. పుట్టుకలోనే హెపటైటిస్-బి సోకిన శిశువుల్లో సుమారు 90 శాతం మందికి అది దీర్ఘకాలిక జబ్బుగా నిలిచిపోతుంది. ఇక్కడ తర్వాతి తేదీ ఇచ్చి పంపడం ఓర్పు అనిపించుకోదు, నిర్లక్ష్యం అవుతుంది. వెంటనే సీనియర్‌ను పిలవండి, ఆసుపత్రి న్యాయ సలహాదారుకు, అవసరమైతే బాలల రక్షణ అధికారులకు తెలియజేయండి. ఆ పని చేస్తున్నట్టు తల్లిదండ్రులకు దాచకుండా చెప్పండి.

టీకా వేయించని కుటుంబాలను “ఇక మా దగ్గరికి రావద్దు” అని పంపేయవచ్చా అని కూడా అడుగుతుంటారు. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2016లో, అన్ని ప్రయత్నాలూ అయ్యాక అది ఆమోదించదగిన ఒక మార్గమేనని చెప్పింది. వెయిటింగ్ హాలులోని మిగతా పిల్లల భద్రత అందుకు చెప్పే బలమైన వాదన. నేను ఆ పని చేయను. ఆ బిడ్డ వెళ్లేది ఇంకో మంచి డాక్టరు దగ్గరికి కాకపోవచ్చు, టీకాలే వద్దని చెప్పేవారి దగ్గరికి కావచ్చు. అయితే మీ దగ్గర అటువంటి నియమం ఉంటే మొదటి రోజే చెప్పాలి, వేరే డాక్టరును చూసుకునే గడువు ఇవ్వాలి, ఆ లోపు అత్యవసర వైద్యం అందించాలి.

తరచుగా జరిగే పొరపాట్లు

“వాట్సాప్‌లో చదివి వచ్చారా?” అని అడగడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. నిజంగా అక్కడే చదివి ఉన్నా ఆ మాటతో సంభాషణ ముగిసినట్టే. రెండోది, అపోహను ముందు చెప్పి తర్వాత ఖండించడం. వినేవారికి అపోహే గుర్తుంటుంది. నిజంతో మొదలుపెట్టి నిజంతో ముగించండి. మూడోది, “ఏమీ కాదు” అనడం. ఆ రాత్రి బిడ్డకు జ్వరం వస్తే మీరు అబద్ధం చెప్పినట్టే లెక్క. “ఈ రాత్రి జ్వరం రావచ్చు, కాలు వాయవచ్చు, ఇలా చేయండి, ఈ లక్షణం కనిపిస్తే ఏ వేళైనా ఫోను చేయండి” అంటే అదే జ్వరం మీ మాట నిజమని రుజువు చేస్తుంది. నాలుగోది అంత తేలిగ్గా కనబడదు: వద్దన్న కుటుంబం మళ్లీ వచ్చినప్పుడు సిబ్బంది ముఖాలు మాడ్చుకోవడం, వరసలో వెనక్కి నెట్టడం. దీన్ని మీ కళ్లతో మీరే కనిపెట్టుకుని ఉండాలి.

పని జరిగిందో లేదో ఎలా తెలుసుకోవాలి?

ఆ రోజే తెలుసుకోవాలంటే, వెళ్లే ముందు ఇలా అడగండి: “ఇంటికి వెళ్లాక బాబు నాన్నగారు అడిగితే, డాక్టరు ఏం చెప్పారని చెబుతారమ్మా?” ఆ జవాబులో మీ మాట ఎంత మిగిలిందో తెలుస్తుంది; తప్పుగా వస్తే తప్పు మీ వివరణలో ఉంది, మళ్లీ సరిగా చెప్పండి. “వేయించాలన్న ఆలోచన సున్నా నుంచి పది వరకు ఎక్కడుంది?” అని కూడా అడగవచ్చు. మూడు అంటే, “ఏడు ఎందుకు కాదు?” అనకండి; “సున్నా అనకుండా మూడు అన్నారే, ఎందుకు?” అని అడగండి. టీకా మంచిదనే కారణాలను అప్పుడు వారే చెప్పుకుంటారు. ఎవరు ఎక్కువసేపు మాట్లాడారో గుర్తుచేసుకోండి. మీరే అయితే మూడో అంచె సరిగా జరగలేదు.

టీకా వేయించుకున్నవారికి రెండో రోజు ఒక ఫోను చేయండి. వేయించుకోనివారికి వారంలోపు చేయండి, టీకా ఊసెత్తకుండా బిడ్డ ఎలా ఉందో మాత్రమే అడగండి.

ఇక ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. వద్దన్న ప్రతి కుటుంబానికీ ఒక వరస: తేదీ, ఏ టీకా, వారు చెప్పిన కారణం వారి మాటల్లోనే, మళ్లీ రమ్మని ఇచ్చిన తేదీ, వచ్చారా లేదా. ఆరు నెలలకు ఒకసారి దాన్ని తిరగేయండి. తిరిగి వచ్చినవారి సంఖ్య తగ్గుతుంటే, ఎన్ని డోసులు వేసినా మీ పద్ధతిలో ఏదో కరుకుగా ఉంది. తోటి డాక్టరును ఒక సంభాషణకు పక్కన కూర్చుని చూడమనండి. ఒకే కారణం అయిదారు కుటుంబాల నుంచి అవే మాటల్లో వస్తే, దానికి మూలం ఒక్కటే అయి ఉంటుంది. అది ఒక బడి గుంపులోని సందేశమో, దగ్గరలో టీకా తర్వాత జబ్బుపడిన ఒక బిడ్డ కథో కనుక్కుని, ఆ బిడ్డకు నిజంగా ఏమైందో ఆరోగ్య శాఖను అడిగి తెలుసుకోండి.